చీరల గల్లాలోంచి ప్లాటుకు

పత్రికల జిల్లా పేజీల్లో యువ వ్యాపారుల పరిచయాలు వస్తుంటాయి. ఇరవై ఆరేళ్ళకే బొటిక్, ఇన్‌స్టాగ్రామ్‌లో వేలమంది ఫాలోవర్లు, పెళ్ళికూతుళ్ళ జాకెట్లకు నెలల ముందే బుకింగులు. సగం దాటగానే ఒక వాక్యం తప్పకుండా తగులుతుంది: ఫ్యాషన్‌లో నిలదొక్కుకున్నాక రియల్ ఎస్టేట్‌లోకి అడుగుపెట్టారు. చదివేవాళ్ళకు అది మెట్టు ఎక్కినట్టే ఉంటుంది. నా గొడవంతా ఆ 'నిలదొక్కుకున్నాక' అన్న మాటతోనే. నిలదొక్కుకున్నారని ఎలా తెలిసింది? గల్లాపెట్టె నిండుగా కనపడిందనా?

అనంతపురం, కర్నూలు, కడప లాంటి ఊళ్ళలో బట్టల వ్యాపారం పెట్టిన పిల్లలు మొదటి మూడు నాలుగేళ్ళు ప్లాట్ల జోలికి పోకూడదని నా అభిప్రాయం. భూమి చెడ్డదని కాదు. అంగట్లో ఆ మూడు నాలుగేళ్ళూ మిగులులా కనపడేది చాలావరకు మిగులు కాదు. దాన్ని తీసి భూమిలో పెట్టడమంటే పొయ్యి మీది నీళ్ళు తీసుకెళ్ళి చెట్టుకు పోయడమే. చెట్టు బతకొచ్చు, అన్నం మాత్రం మాడుతుంది.

శ్రావణంలో వచ్చిన డబ్బు

శ్రావణమాసం చూడండి. వరలక్ష్మీ వ్రతం, ఆ వెనకే ముహూర్తాలు. మగ్గం వర్క్ జాకెట్టుకు సగం అడ్వాన్సు తీసుకోవడం మామూలు. ఒక్కోటి ఎనిమిది వేలు చేసే జాకెట్లు నలభైకి ఆర్డరు పడితే పది రోజుల్లో 1,60,000 చేతికొస్తుంది. ఫోన్‌పే మోగుతూనే ఉంటుంది. సరిగ్గా ఆ వారంలోనే వెంచర్ మధ్యవర్తి కూడా వస్తాడు. "టోకెన్ కడితే చాలు, మిగతాది దసరాకు" అంటాడు.

ఆ 1,60,000లో అంగడివాళ్ళది ఎంత? పని పూర్తయ్యేదాకా పైసా కూడా కాదు. అందులోంచి మగ్గం పని చేసే కారిగర్ కూలి, పూసలు, జర్దోసి, లైనింగు, కుట్టు కూలి పోవాలి. అవతల ధర్మవరంలో చీరల బాకీ ఉంటుంది. ధర్మవరం 2022లో సత్యసాయి జిల్లాలోకి పోయినా బేరసారాల్లో ఇంకా అనంతపురం కిందే లెక్క. పట్టుచీరల్లో అరువు మీద సరుకు దొరకడం వరం లాంటిది, కొత్తవాళ్ళను ముంచేదీ అదే. అరువు మీద తెచ్చి రొక్కానికి అమ్మితే ఆ రొక్కం మనదే అనిపిస్తుంది.

ఈ బాకీకి చట్టం కూడా ఒక గడువు పెట్టింది. సరుకిచ్చిన నేతదారుకు సూక్ష్మ లేదా చిన్న పరిశ్రమ కింద ఉద్యం రిజిస్ట్రేషన్ ఉంటే, రాతకోతలు లేనప్పుడు 15 రోజుల్లో, ఒప్పందం రాసుకుంటే ఎక్కువలో ఎక్కువ 45 రోజుల్లో చెల్లించాలి. పుస్తకాలు రాసి రిటర్ను వేసేవాళ్ళకు మార్చి 31 నాటికి ఈ గడువు దాటి నిలిచిన బాకీ ఆ ఏటి ఖర్చు కింద చెల్లదు, చెల్లించిన ఏడాదే చెల్లుతుంది. అంటే నేతదారుకు ఇవ్వాల్సింది ప్లాటులో పెడితే, చేతిలో లేని లాభానికి పన్ను కట్టాలి. పన్ను కన్నా పెద్ద దెబ్బ ఇంకోటుంది. బాకీ లాగే అంగడికి ధర్మవరంలో ఎవరూ ముఖం మీద కాదనరు. కొత్త డిజైను పడుగు మగ్గానికి ఎక్కినప్పుడు ఆ చీరలు వేరే అంగడికి పోతాయి, మనకు అందరి దగ్గరా ఉన్న రంగులే వస్తాయి. ఎందుకు బేరాలు తగ్గాయో మనకు ఆరు నెలలకు గానీ తెలియదు.

స్థిరాస్తి వ్యాపారంలో, అడ్వాన్సు డబ్బును వేరే చోట పెట్టే ఈ రోగాన్ని ముందే గుర్తించారు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం ప్రకారం ప్రాజెక్టు చేసేవాళ్ళు కొనుగోలుదారుల నుంచి తీసుకున్న డబ్బులో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉంచాలి, దాన్ని ఆ ప్రాజెక్టు భూమికి, పనులకే వాడాలి. అగ్రిమెంటు రిజిస్టర్ చేయకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోకూడదు. బొటిక్‌కు ఇలాంటి చట్టం లేదు. లేదు కాబట్టే ఎవరికి వారు పెట్టుకోవాలి: అడ్వాన్సులకు విడిగా ఒక బ్యాంకు ఖాతా, జాకెట్టు చేతికిచ్చిన రోజే దాని డబ్బు అంగడి ఖాతాకు. ఈ ఒక్క పని మూడు నెలలు చేసినవాళ్ళకు ప్లాటు ఆలోచన దానంతటదే కొంత చల్లబడుతుంది.

నాలుగు లక్షల ప్లాటు అసలు ధర

లెక్క వేద్దాం. అంకెలు ఊహించినవే, కానీ ఈ ఊళ్ళ అంగళ్ళకు దూరమైనవి కావు. అంగట్లో పది లక్షల సరుకు. ఏడాదికి మూడుసార్లు తిరిగితే కొన్నధరలో 30 లక్షలు. కొన్నదాని మీద పాతిక శాతం వేసుకుంటే రాబడి ఏడున్నర లక్షలు. అద్దె నెలకు 15 వేలు, ఏడాదికి 1,80,000. ఇద్దరు పనివాళ్ళకు నెలకు 12 వేల చొప్పున 2,88,000. కరెంటు, ప్యాకింగు, కొరియర్ 60 వేలు. ఆగిపోయిన సరుకు తెగనమ్మినందుకు సరుకులో పదో వంతు, లక్ష. మొత్తం ఖర్చు 6,28,000. మిగిలేది 1,22,000. నెలకు పది వేలు. అంగడి యజమాని జీతం కౌంటర్‌లో నిలబడే పిల్ల జీతం కన్నా తక్కువన్నమాట.

ఇందులోంచి నాలుగు లక్షలు తీసి ప్లాటు కొన్నారనుకోండి. సరుకు ఆరు లక్షలకు దిగుతుంది. అవే మూడు తిప్పులకు 18 లక్షలు, రాబడి నాలుగున్నర లక్షలు. అద్దె తగ్గదు, జీతాలు తగ్గవు. కొరియర్ వగైరా 50 వేలకు, తెగనమ్మకం నష్టం 60 వేలకు దిగాయనుకున్నా ఖర్చు 5,78,000. లాభం పోయి 1,28,000 నష్టం వచ్చింది. రెండింటికీ తేడా ఏడాదికి రెండున్నర లక్షలు. నాలుగు లక్షల ప్లాటు ఏడాదిలో ఆరున్నర లక్షలు కావాలి, కేవలం పాత చోటే నిలబడటానికి. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి ఏడున్నర శాతం ఇంకా కలపలేదు, అదో 30 వేలు.

ఈ లెక్కకు ఒక అభ్యంతరం ఉంది, న్యాయమైనదే. సరుకు తగ్గితే తిప్పులు పెరగొచ్చు కదా? పది లక్షల సరుకులో నాలుగు లక్షలది బీరువాలో నిద్రపోయే రకం అయితే, దాన్ని వదిలించుకుని ఆరు లక్షలతోనే నాలుగు తిప్పులు తిప్పొచ్చు. నిజమే. అప్పుడు రాబడి ఆరు లక్షలు, నష్టం ఉండదు. కానీ నిద్రపోయే సరుకును వదిలించుకోవడం తెలిసిన అంగడికి ఆ డబ్బు మళ్ళీ సరుకులో పెడితే వచ్చేది ఇంకా ఎక్కువ. పైగా ప్లాటుకు డబ్బు కావాల్సినప్పుడు ఎవరూ ఆగిన చీరలు అమ్మి తీయరు, అవి అమ్ముడుపోవు కాబట్టే ఆగాయి. తీసేది రేపు అమ్ముడుపోయే సరుకు కొనాల్సిన డబ్బునే. ప్లాటు వచ్చాక అంగట్లో మిగిలేది పాత చీరలు, కొత్త ఫోటోలు.

జాకెట్టు దగ్గర డబ్బు ఎందుకు ఉండాలంటే

బొటిక్ పెట్టుబడి అంటే చీరలు మాత్రమే అనుకుంటారు. తప్పు జరిగినప్పుడు దిద్దుకునే డబ్బు కూడా పెట్టుబడే. మగ్గం వర్క్ జాకెట్టుకు గుడ్డ ముందు కత్తిరించరు. కొలతలు గుడ్డ మీద గీసి, చట్రానికి బిగించి, వర్క్ పూర్తయ్యాక కత్తిరిస్తారు. గీసేటప్పుడు మెడ లోతు అరంగుళం తప్పితే కుట్టేటప్పుడు సవరించే దారి లేదు, పూసలు అక్కడే ఉంటాయి. నూలు లైనింగును ముందుగా నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టకపోతే మొదటి ఉతుకుకే కుంచించుకుపోయి పైన పట్టు ముడతలు పడుతుంది. వెనక మెడ లోతుగా ఉండి పూసల బరువెక్కువైతే, లోపల గట్టి గుడ్డ వేయకపోతే మెడ జారిపోతుంది. పక్క కుట్టులో అంగుళం వదలకపోతే, కొలతలిచ్చిన రోజుకూ పెళ్ళిరోజుకూ మధ్య ఒళ్ళు మారిన అమ్మాయికి జాకెట్టు పట్టదు.

ఇందులో ఏది జరిగినా ముహూర్తం ఆగదు. అదే రంగు గుడ్డ తెచ్చి, రాత్రంతా ఇద్దరు కారిగర్లను కూర్చోబెట్టి మళ్ళీ చేయించాలి. దానికి రొక్కం కావాలి. రొక్కం ప్లాటులో ఉన్న అంగడి ఏం చేస్తుందో తెలిసిందే: "ఈ వెలుతురులో కనపడదులే అక్కా" అంటుంది. ఒక పెళ్ళిలో ఒక చెడ్డ జాకెట్టును నాలుగు వందలమంది చూస్తారు.

ధర పెట్టడంలోనూ ఇలాంటి చిన్న గుంటలుంటాయి. కుట్టని పట్టుచీర ఎంత ఖరీదైనా జీఎస్టీ 5 శాతమే. కుట్టిన దుస్తులకు 2025 సెప్టెంబరు 22 నుంచి ఒక్కోటి 2,500 దాకా 5 శాతం, దాటితే 18. 2,500 డ్రెస్సు మీద పన్ను 125, 2,600 డ్రెస్సు మీద 468. వంద రూపాయలు ఎక్కువ వేసుకుంటే కొనేవాళ్ళకు 443 పెరుగుతుంది. ఇలాంటివి తెలుసుకుని ధరల పట్టీ దిద్దుకోవడానికే రెండు సీజన్లు పడుతుంది. బెంగళూరుకు ఒక్క చీర కొరియర్ చేసినా, టర్నోవర్ ఎంతన్నదానితో పని లేకుండా సాధారణంగా జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉండాలన్న సంగతి కూడా చాలామందికి నోటీసు వచ్చాకే తెలుస్తోంది.

రెండు వ్యాపారాలు, ఒకే వాన

ప్లాటు వైపు మాట్లాడేవాళ్ళ పెద్ద వాదన: అన్ని గుడ్లూ ఒకే బుట్టలో ఎందుకు? బట్టలు పడుకుంటే భూమి ఆదుకుంటుంది. వినడానికి బాగుంది. ఈ జిల్లాల్లో అది నిజమా అని చూస్తే సందేహమే.

పట్టుచీర దేని మీద బతుకుతుంది? పెళ్ళి ముహూర్తం మీద. ప్లాటు? మంచిరోజు మీద. శుక్ర మూఢం వస్తే పెళ్ళిళ్ళు ఆగుతాయి, చీరల అంగడి ఖాళీ. అదే మూఢంలో రిజిస్ట్రేషన్ పెట్టుకుందామా అంటే కొనేవాళ్ళ ఇంట్లో పెద్దావిడ ఒప్పుకోదు. ఆషాఢంలో అంగడి డిస్కౌంట్ బోర్డు పెడుతుంది, వెంచర్ ఆఫీసులో టీ కుర్రాడు ఖాళీగా కూర్చుంటాడు. పుష్యమాసం సంగతీ అంతే. ఇక వాన. అనంతపురానికి ఏడాదికి పడేదే 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. చెనిక్కాయ (వేరుశనగ) పంట పోయిన ఏడు పెళ్ళి వాయిదా పడుతుంది, ప్లాటు రెండో కంతు కూడా ఆగిపోతుంది. ఆదోని పత్తి ధర పడితే కర్నూలు వైపు ఇదే వరస. రెండు బుట్టలున్నాయి సరే, మోసే గాడిద ఒక్కటే.

ఇప్పుడు కాలం మారింది, కొనేది రైతులు కాదు, బెంగళూరు జీతాలు అంటారు. కొంత నిజం. 44వ నంబరు జాతీయ రహదారి వెంట ప్లాట్లు కొంటున్నవాళ్ళలో బెంగళూరు ఉద్యోగులు ఉన్నారు. వాళ్ళే ఆన్‌లైన్‌లో చీరలూ కొంటున్నారు. అంటే రెండు వ్యాపారాల కట్టూ వాన నుంచి విడిపోయి ఉద్యోగాలకు ముడిపడింది, ఒకదాని నుంచి ఒకటి మాత్రం విడిపోలేదు.

భూమికి ఇంకో రకం వాన కూడా ఉంది, ప్రకటనల వాన. 2017లో కియా కార్ల కంపెనీ ఒప్పందం కుదిరాక పెనుకొండ చుట్టుపక్కల ఎకరం ధర మారింది, ఫ్యాక్టరీ నిజంగానే వచ్చింది. అదే నమ్మకంతో 2019 డిసెంబరులో న్యాయ రాజధాని మాట విని కర్నూలులో కొన్నవాళ్ళకు, 2021 నవంబరులో మూడు రాజధానుల చట్టం వెనక్కి తీసుకున్నప్పుడు ఏమైందో ఊహించొచ్చు. కడప జిల్లాలో ఉక్కు కర్మాగారానికి 2007, 2018, 2019, 2023లలో శంకుస్థాపనలు జరిగాయి. ప్రతి రాయి వెంటా జమ్మలమడుగు వైపు బ్రోషర్లు వేసే అవకాశం వస్తుంది. అయిదేళ్ళు ఆగగలిగిన డబ్బుకు ఇవన్నీ కథలే. శ్రావణానికి తిరిగి రావాల్సిన డబ్బుకు మాత్రం చావుదెబ్బలు.

బ్యాంకు కంట్లో

"ప్లాటు ఉంటే బ్యాంకులో కుదువ పెట్టి అంగడికి అప్పు తెచ్చుకోవచ్చు" అన్నది రెండో వాదన. ఆ ప్లాటు వ్యవసాయ భూమిగానే ఉంటే బ్యాంకులు ముఖం తిప్పుకుంటాయి, సర్ఫేసీ చట్టం కింద దాన్ని స్వాధీనం చేసుకోవడం కుదరదు కాబట్టి. అనుమతి లేని లేఅవుట్‌దీ ఇంచుమించు అదే గతి. అసలు చిన్న అంగడికి కుదువ అవసరమే లేని అప్పులున్నాయి. కేంద్రం ముద్ర పథకంలో తరుణ్ కింద 10 లక్షల దాకా, తీసుకున్నది సక్రమంగా తీర్చినవాళ్ళకు 20 లక్షల దాకా ఇస్తారు. చిన్న వ్యాపారాలకు అంచనా టర్నోవర్‌లో 20 శాతం నిర్వహణ అప్పుగా లెక్కగట్టే పద్ధతీ ఉంది, దానికి అయిదు శాతం మన డబ్బు చూపాలి. 50 లక్షల టర్నోవర్ అంటే బ్యాంకుది 10 లక్షలు, మనది రెండున్నర. ఆ రెండున్నరే చాలామంది ప్లాటులో పోస్తారు.

తర్వాత జరిగేది డ్రాయింగ్ పవర్ (ఖాతాలోంచి ఎంత వాడుకోవచ్చన్న లెక్క) కాగితంలో చూడాలి. సీసీ (క్యాష్ క్రెడిట్) అప్పు ఖాతాకు నెలనెలా స్టాకు స్టేట్‌మెంటు ఇస్తాం. సరుకు 12 లక్షలు, అందులో బాకీ 3 లక్షలు, తేడా 9 లక్షలు, 25 శాతం మార్జిన్ తీసేస్తే వాడుకోదగ్గది 6,75,000. సరుకు డబ్బు నాలుగు లక్షలు ప్లాటుకు పోతే సరుకు 8, బాకీ 3, తేడా 5, వాడుకోదగ్గది 3,75,000. అప్పటికే ఆరు లక్షలు వాడి ఉంటే ఖాతా హద్దు దాటినట్టే. అలా 90 రోజులు ఉంటే మొండిబాకీ. దాన్ని తప్పించడానికి బయట రెండు రూపాయల వడ్డీకి తెస్తారు, ఏడాదికి 24 శాతం. లేదా స్టేట్‌మెంటులో లేని చీరలు రాస్తారు, అది ఇంకా చెడ్డ దారి. బ్యాంకు మనిషి ఒక మధ్యాహ్నం అంగడికి వచ్చి బీరువాలు తెరవమంటే కథ అక్కడితో ఆగుతుంది.

ఒక్క ప్లాటు కొని ఊరుకోకుండా వెంచర్‌లో వాటా తీసుకుని అమ్మకాలు కూడా మొదలుపెట్టేవాళ్ళకు ఇంకో చిక్కు. స్థలం అమ్మకం మీద జీఎస్టీ లేదు. కానీ ఒకే జీఎస్టీ నంబరు కింద చీరలూ స్థలాలూ అమ్మితే, అద్దె, ఆడిటర్ ఫీజు లాంటి ఉమ్మడి ఖర్చుల మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌లో (ఖర్చుల మీద కట్టిన జీఎస్టీకి దొరికే మినహాయింపు) స్థలాల వాటా మేరకు వెనక్కి కట్టాలి. స్థలం పెద్ద మొత్తం కాబట్టి ఆ వాటాయే సింహభాగం. సొంత పేరున నడిపే అంగడి అయితే వెంచర్ బాకీలు చీరల బీరువా దాకా వస్తాయి. రెండిటికీ మధ్య గోడ ఉండదు.

నేను సమాధానం చెప్పలేని వాదన

ఇంత చెప్పాక కూడా ఒక మాట దగ్గర నా వాదన నీరసిస్తుంది. బొటిక్ నడుపుతున్నది పెళ్ళి కావాల్సిన అమ్మాయో, కొత్త కోడలో అయినప్పుడు. అంగట్లో డబ్బు అంటే ఇంట్లో అందరి డబ్బు. మరిది ఫీజుకు, మామగారి ఆపరేషన్‌కు, తమ్ముడి బైకుకు అది సులువుగా కరుగుతుంది. చీరల సరుకును ఆమె ఆస్తి అని ఎవరూ అనరు. ఆమె పేరున రిజిస్టర్ అయిన మూడు సెంట్లను మాత్రం ఆమె సంతకం లేకుండా ఎవరూ కదపలేరు. ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఆంధ్రప్రదేశ్‌లో 1985 నుంచే చట్టంలో ఉంది, దేశమంతా రావడానికి ఇరవై ఏళ్ళ ముందే. అయినా పుట్టింటి వాటా వదులుకుంటున్నట్టు సంతకాలు పెట్టించే ఇళ్ళు ఇంకా ఉన్నాయి. అలాంటి ఇంట్లో అమ్మాయి, అంగడికి నష్టమని తెలిసే ప్లాటు కొంటే, అది వ్యాపార నిర్ణయం కాదు, తన కాళ్ళ కింద నేల వెతుక్కోవడం. ఆమెకు నా లెక్క పట్టీ చూపించే ధైర్యం నాకు లేదు.

అలా కొనేటప్పుడైనా ఈ జిల్లాల మట్టికి తగ్గ జాగ్రత్తలు కావాలి. ముప్పై ఏళ్ళ ఈసీ (ఆ స్థలం మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా), లింకు డాక్యుమెంట్లు, వన్‌బీ, అడంగల్ అనే రెవెన్యూ రికార్డులు, ఎఫ్‌ఎంబీ స్కెచ్ (సర్వే పటం) చూడకుండా టోకెన్ ఇవ్వకూడదు. సర్వే నంబరు 22-ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ కుదరని భూముల జాబితా) ఉందేమో చూడాలి. రాయలసీమలో చుక్కల భూములు (పాత రికార్డులో యజమాని పేరుకు బదులు చుక్కలున్నవి), డీకేటీ పట్టాలు (ప్రభుత్వం పేదలకు ఇచ్చిన భూములవి) తక్కువేం లేవు, ఈసీ శుభ్రంగా ఉన్నంత మాత్రాన అవి బయటపడవు. "పంచాయతీ అప్రూవ్డ్" అన్న బోర్డు అనుమతి కాదు. లేఅవుట్‌కు ఎల్‌పీ నంబరు (లేఅవుట్ అనుమతి సంఖ్య), రెరా నంబరు రెండూ ఉండాలి. రోడ్లు, కాలవలు పూర్తయ్యేదాకా లేఅవుట్‌లో కొన్ని ప్లాట్లను అనుమతిచ్చే సంస్థకు తనఖా పెడతారు. తక్కువ ధరకు చూపించే ప్లాటు ఆ తనఖాలోదేమో నంబరు చూసి తేల్చుకోవాలి. రూ. 20 వేలు, అంతకు మించి అడ్వాన్సు రొక్కంగా ఇచ్చిపుచ్చుకోవడం చట్టవిరుద్ధం, "సగం తెలుపు, సగం నలుపు" అన్న మాట ఎంత మామూలుగా వినిపించినా సరే.

అంగడి మగపిల్లాడిదైతే నాకింత మొహమాటం లేదు. పాత బట్టల వ్యాపారులను చూడమంటాను. వాళ్ళూ స్థలాలు కొన్నారు, కాదనను. ఎక్కువమంది మొదట కొన్నది ఊరవతల ప్లాటు కాదు, తాము అద్దెకున్న కొట్టే. పైన వేసిన లెక్కలో ఏడాదికి 1,80,000 అద్దె ఉంది చూడండి, లాభం కన్నా ఎక్కువ. దాని వైపు దాచడం మొదలుపెడితే ఎన్నేళ్ళు పడుతుందో ఆషాఢంలో, అంగడి ఖాళీగా ఉన్న మధ్యాహ్నం, కూర్చుని వేసుకోవచ్చు. పక్కనే బీరువా పైఅరలో ఏడాది దాటిన చీరలెన్ని ఉన్నాయో కూడా దించి లెక్కపెట్టొచ్చు.